గుడ్లగూబ కక్కిన ఉండలు

గుడ్లగూబ ఏం తింటుందో తెలుసుకోవడానికి రాత్రంతా కాపు కాయక్కర్లేదు. పగలు తీరిగ్గా అది కాపురముండే చోటు కింద నేల వెతికితే చాలు. పాత రైస్‌మిల్లు దూలాల కిందో, గుడి గోపురం లోపలో తెల్లటి రెట్ట చారలు కనిపించాయంటే, ఆ దగ్గర్లోనే బొటనవేలంత నల్లటి ఉండలు పడి ఉంటాయి. వాటినీ రెట్టే అనుకుంటారు చాలామంది. కాదు. తెల్లమొహం గుడ్లగూబ ఎలుకను నమలదు, చిన్నదైతే గుటుక్కున మింగేస్తుంది. మాంసం అరుగుతుంది, బొచ్చూ ఎముకలూ అరగవు. వాటిని ఉండచుట్టి నోటి నుంచే కక్కేస్తుంది. రోజుకు ఒకటో రెండో. తాజా ఉండ వార్నిష్ పూసినట్టు మెరుస్తుంది, పాతబడితే బూడిదరంగుకు తిరుగుతుంది.

ఈ ఉండల్ని విప్పడం కొన్నేళ్లుగా నా ఆదివారం పని. ఇంట్లోవాళ్లు దీనికో పాత పళ్లెం, పెరట్లో ఓ మూల కేటాయించారు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, రెండు సూదులతో బొచ్చు పాయలు తీస్తూ పోతే పక్కటెముకలు, వెన్నుపూసలు, చివరికి పుర్రె బయటపడతాయి. గద్దల కడుపులో ఆమ్లం ఎక్కువ, ఎముకలు చాలావరకు కరిగిపోతాయి. గుడ్లగూబకు ఆ బలం తక్కువ కనక దవడ దవడగానే దొరుకుతుంది. ముందుపళ్లు నారింజరంగులో ఉండి, వాటికీ దవడపళ్లకూ మధ్య ఖాళీ ఉందా, అది ఎలుక జాతి. ఖాళీ లేకుండా తెల్లటి సూదిపళ్లు వరసగా ఉన్నాయా, చుంచు. నా పళ్లెంలోకి వచ్చేవి ఎక్కువగా పొలం ఎలుకలే, అప్పుడప్పుడూ పందికొక్కు పిల్లలు.

రాత్రి చీకట్లో గుడ్లగూబ వాటినెలా పట్టిందంటే, చెవులతో. ఎడమచెవి కన్నం కాస్త పైకి, కుడిది కాస్త కిందికి ఉంటాయి. ఆ ఎగుడుదిగుడు వల్లే సద్దు పైనుంచో కిందనుంచో తేలుతుంది. తర్వాత తిమింగలాల పాటలతో పేరు తెచ్చుకున్న రోజర్ పేన్ మొదట చేసింది ఈ గుడ్లగూబల మీద పనే. కటిక చీకటి గదిలో ఎలుకంత కాగితం ఉండను నేలమీద ఈడిస్తే, దాని మీదా గురి తప్పకుండా దూకిందని 1971లో రాశాడు. వాసనా కాదు, ఒంటి వేడీ కాదు, ఒట్టి చప్పుడే.

ఇలాంటి వేటగాణ్ణి ‘అరిస్తే అరిష్టం’ అని రాళ్లేసి తరుముతాం. అదలా ఉంచి, నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఎలుకల మందు. 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమోడయోలోన్ కలిపి బొరియల్లో పెడతారు. అది రక్తం గడ్డకట్టనివ్వదు, కానీ తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్నాళ్లు మందకొడిగా తిరుగుతుంది. అలాంటిదే గుడ్లగూబకు ముందుగా చిక్కుతుంది, మందు దాని ఒంట్లోకీ చేరుతుంది. పంట పోతున్న రైతును నేను తప్పుపట్టను. కాకపోతే బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్లు ఉన్న ఊళ్లో ముందు వాళ్లను పిలిస్తే బాగుంటుందంటాను. గుడ్లగూబలు వాలేందుకు పొలంలో పక్షి స్థావరాలు పెట్టినా కర్చయ్యేది నాలుగు కర్రలే.

ఇక ఊరిపెద్దలకో మాట. గోపురానికి రంగులు వేయించి కన్నాలు పూడ్పించే ముందు లోపలికోసారి తొంగిచూడండి. బుసలు వినిపిస్తే పామని కంగారుపడకండి, గుడ్లగూబ పిల్లలూ అలాగే బుసకొడతాయి. గుడ్డు పగిలిన రెండు నెలలకు ఎగిరిపోతాయి. అప్పటిదాకా మేస్త్రీని ఆపండి.