కొరికిన మాట, కోసిన పాట

1979లో న్యూజెర్సీలోని ఒక పిజ్జా దుకాణంలో హెన్రీ జాక్సన్ అనే యువకుడు పని చేసుకుంటూ, టేపులో మోగుతున్న ర్యాప్‌తో గొంతు కలిపేవాడు. కొత్తగా రికార్డు కంపెనీ పెడుతున్న సిల్వియా రాబిన్సన్ అతన్ని చూసి తన బృందంలోకి తీసుకుంది. షుగర్‌హిల్ గ్యాంగ్ పాడిన 'ర్యాపర్స్ డిలైట్'తో ర్యాప్ అమెరికా అంతా మోగింది. అందులో జాక్సన్, అంటే బిగ్ బ్యాంక్ హ్యాంక్, పాడిన మాటలు మాత్రం అతనివి కావు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ కాజ్ తన నోటు పుస్తకంలో రాసుకున్నవి. కాజ్ తన పాత పేరును అక్షరం అక్షరం విడదీసి చెప్పుకున్న చోటును కూడా హ్యాంక్ ఉన్నదున్నట్టు అప్పజెప్పేశాడు. పక్కింటి స్టీలు గిన్నెను, దాని మీద చెక్కిన పేరు కూడా చెరపకుండా మన వంటింట్లో పెట్టుకున్నట్టు. ఆ రికార్డు మీద కాజ్ పేరు లేదు.

హిప్-హాప్ వాళ్లు దీన్ని 'బైటింగ్' అంటారు, అంటే కొరకడం. మన భాషలో దానికి సరిపోయే మాట ఎంగిలి. ఒకడు కొరికినదాన్ని ఇంకొకడు నోట్లో పెట్టుకోవడం ఆ వీధుల్లో అన్నిటికంటే పెద్ద తప్పు. ఇంకొకరి చరణాన్నీ, ఇంకొకరి గొంతు విరుపునూ తెచ్చుకున్నవాడికి అక్కడ గౌరవం ఉండదు. కానీ అదే కళ పుట్టిందేమో ఇతరుల రికార్డుల మీద. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూలో డీజే కూల్ హెర్క్ తన చెల్లెలు పెట్టిన పార్టీలో వినిపించిన డప్పుల దరువులన్నీ వేరేవాళ్లు వాయించినవే. తాను ఏ రికార్డు వాడుతున్నాడో పోటీదారులకు తెలియకుండా హెర్క్ వాటి లేబుళ్లను నీళ్లలో నానబెట్టి ఊడదీసేవాడు. మాట కొరికితే తప్పు, పాట కోస్తే కళ. యాభై ఏళ్లుగా ఈ రెండు ధర్మాలూ ఒకే ఇంట్లో ఉంటున్నాయి.

ప్రధాన స్రవంతికి పక్కగా నడిచిన ఆల్టర్నేటివ్ హిప్-హాప్‌లో ఈ గొడవ మరీ తీవ్రం. డె లా సోల్, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ దగ్గర నుంచి ఎం.ఎఫ్. డూమ్, మ్యాడ్‌లిబ్, ఎర్ల్ స్వెట్‌షర్ట్ దాకా వీళ్లందరి ఆస్తీ 'మాలా ఇంకెవరూ లేరు' అనే పేరే. అందుకే అక్కడ ఎవరు ఎవరి నుంచి తెచ్చుకున్నారన్న వాదన అభిమానుల మధ్య తెగదు. నాకు ఆ వాదన అంటే ఇష్టమే. ఎవరు ముందు అన్న దగ్గరే అది ఆగిపోతుండడం మాత్రం బాధగా ఉంటుంది. తెచ్చుకున్నదానితో ఏం చేశాడన్నది అడగాలి. ఆ పైన, తెచ్చుకున్న సంగతి ఒప్పుకున్నాడా లేదా అన్నది కూడా అడగాలి.

ముందు పాట ఎలా కోస్తారో చూద్దాం. 1987లో వచ్చిన ఎస్పీ-1200 అనే శాంప్లర్, అంటే రికార్డుల్లోంచి శబ్దం ముక్కలు పట్టుకునే యంత్రం, ఒక తరం మొత్తానికి పనిముట్టు. అందులో పట్టేది మొత్తం కలిపి పది సెకన్ల శబ్దం. ఆ కాస్త చోటులో ఎక్కువ ఇమడాలని నిర్మాతలు 33 వేగంలో తిరగాల్సిన ఎల్పీని 45 వేగంతో తిప్పి, పొట్టిగా చేసి ఎక్కించేవారు. తర్వాత యంత్రం లోపల మళ్లీ నెమ్మది చేసేవారు. అలా వెళ్లి వచ్చేసరికి శబ్దం అంచులు అరిగి, గరుకుగా, పాత గోడ మీది సున్నంలా తయారయ్యేది. ఆనాటి పాటల్లో మనం ఇష్టపడే ఆ మసక మెరుగు సగం ఆ పది సెకన్ల ఇరుకు వల్ల వచ్చిందే.

కోత అంటే ఏమిటో చెవికి చూపించే పాఠం ఒకటుంది. డెట్రాయిట్‌కు చెందిన జె డిల్లా 'డోనట్స్' ఆల్బంలో 'డోంట్ క్రై' అనే చిన్న ముక్క. ముందు అతను ది ఎస్కార్ట్స్ అనే బృందం పాడిన పాత సోల్ పాటను దాదాపు ఉన్నదున్నట్టు వినిపిస్తాడు. వినేవాడు ఆ రాగానికి అలవాటు పడగానే దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తరిగి, వరుస మార్చి, కొత్త దరువు మీద కూర్చి చూపిస్తాడు. ముడిసరుకునూ పనితనాన్నీ పక్కపక్కనే పెడతాడు. ఎక్కడి నుంచి తెచ్చాడో దాచుకోవలసిన అవసరం అతనికి లేదు. ఆ ఆల్బం 2006 ఫిబ్రవరి 7న, అతని 32వ పుట్టినరోజున వచ్చింది. మరో మూడు రోజులకు అతను లేడు. అతను పని చేసిన ఎంపీసీ అనే శాంప్లర్ యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతి మ్యూజియంలో ఉంది.

ఈ కోతకు దగ్గరి బంధువు మన అవధానంలోని సమస్యాపూరణం. పృచ్ఛకుడిచ్చిన పాదం అవధానిది కాదు, దాన్ని మార్చడానికీ వీల్లేదు. మిగతా మూడు పాదాలతో ఆ పాదానికి ఎవరూ ఊహించని అర్థం పుట్టిస్తేనే సభ చప్పట్లు కొడుతుంది. పాదం నీది కాదు కదా అని అవధానిని ఎవరూ నిలదీయరు.

న్యాయస్థానం మాత్రం ఇలా వినలేదు. డె లా సోల్ 1989లో తెచ్చిన 'త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్'లో జానీ క్యాష్ ఉన్నాడు, స్టీలీ డాన్ ఉంది, పిల్లల లెక్కల పాట ఉంది, ఫ్రెంచి భాష నేర్పే రికార్డు కూడా ఉంది. ఆ ఫ్రెంచి పాఠం కింద ది టర్టిల్స్ బృందం పాట 'యూ షోడ్ మీ' ముక్క ఒకటి మోగుతుంది. టర్టిల్స్ దావా వేశారు, వ్యవహారం కోర్టు బయట తేలింది. ఆ పాట రాసింది టర్టిల్స్ కాదు, ది బర్డ్స్ బృందానికి చెందిన జీన్ క్లార్క్, రోజర్ మెగ్విన్. టర్టిల్స్ దాన్ని నెమ్మదిగా పాడి తమదిగా చేసుకున్నారు. తేడా ఏమిటంటే వాళ్లు రాసినవాళ్ల పేర్లు రికార్డు మీద వేశారు.

1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ కేసు వచ్చింది. గిల్బర్ట్ ఓ'సల్లివాన్ పాట వాడుకున్నందుకు న్యూయార్క్ న్యాయమూర్తి కెవిన్ డఫీ, బైబిల్లో దొంగతనాన్ని నిషేధించే ఆజ్ఞతో తన తీర్పు మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి ఒక్కో ముక్కకూ అనుమతి, ఒక్కో అనుమతికీ డబ్బు. ఒకే పాటలో పది రికార్డులు కలిపే పద్ధతి మధ్యతరగతి వాడికి పెళ్లి ఖర్చు అంత భారమైంది. పాత ఒప్పందాల్లో డిజిటల్ హక్కుల మాట లేక, అనుమతుల చిక్కు తెగక, డె లా సోల్ తొలి ఆల్బంలు స్ట్రీమింగ్‌లోకి రావడానికి 2023 మార్చి 3 దాకా పట్టింది. బృందంలోని డేవ్ జాలికర్ అంతకు దాదాపు మూడు వారాల ముందే చనిపోయాడు.

అయినా కోర్టులదే తప్పనలేను. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ సంగతి గుర్తొస్తే అనలేను. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్'లో అతను వాయించిన కొద్ది క్షణాల డ్రమ్స్ లెక్కలేనన్ని ర్యాప్ పాటలకు వెన్నెముక అయింది. ఆ పాట మీద అతని పేరు రచయితగా లేదు కాబట్టి అతనికి దక్కింది దాదాపు ఏమీ లేదు. వాడుకుని పేరూ డబ్బూ ఇవ్వకపోవడం అవమానమేనని అతను నెమ్మదిగానే చెప్పాడు. మన సినిమా పాటల్లో వయొలిన్, తబలా, వేణువు వాయించిన ఎందరి పేర్లు మనకు తెలుసు? 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని 'అడిక్టివ్' పాటలో లతా మంగేష్కర్ గొంతు, 1981 నాటి 'జ్యోతి' సినిమా పాట, అడగకుండానే వాడారు. సంగీత దర్శకుడు బప్పీ లహిరి తరఫున దావా పడింది. ఆయన పేరు వేయకుండా ఆ రికార్డు అమ్మకూడదని లాస్ ఏంజెలెస్ న్యాయమూర్తి ఆదేశించారు. నాకు ఆ ఆదేశంలో నచ్చింది అదే. ముందు పేరు వెయ్యండి.

ఇక డూమ్. అసలు పేరు డేనియల్ డూమిలే. లండన్‌లో పుట్టి న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో పెరిగాడు. తమ్ముడు సబ్‌రాక్‌తో కలిసి కేఎండీ అనే బృందం నడిపాడు. 1993లో కారు గుద్ది తమ్ముడు చనిపోయాడు. పూర్తయిన రెండో ఆల్బంను ముఖచిత్రం మీద వివాదంతో కంపెనీ ఆపేసి బృందాన్ని వదిలించుకుంది. కొన్నేళ్లు అతను ఎవరికీ కనబడలేదు. మళ్లీ వేదికెక్కినప్పుడు ముఖం కప్పుకుని ఎక్కాడు, తర్వాత లోహపు ముసుగు తొడిగాడు. మార్వెల్ కామిక్స్ విలన్ డాక్టర్ డూమ్‌ను అనుసరించి పేరు పెట్టుకున్నాడు.

ఇందులో కొత్తదేముంది అని అడిగేవాళ్లున్నారు. అడగవలసిందే. కూల్ కీత్ 1996లోనే డాక్టర్ ఆక్టగాన్ అనే పిచ్చి వైద్యుడి వేషం కట్టాడు. వూ-టాంగ్ క్లాన్‌లో ఘోస్ట్‌ఫేస్ తొలి రోజుల్లో ముఖం కప్పుకునేవాడు, మార్వెల్ ఐరన్‌మ్యాన్ పేరూ తగిలించుకున్నాడు. వాళ్లకంటే ముందు ఇలాగే వేషం కట్టిన జార్జ్ క్లింటన్ ఉన్నాడు, సన్ రా ఉన్నాడు. ముసుగు కొత్తది కాదు. ఆ ముసుగు వెనక ఉన్న దుఃఖం మాత్రం డూమ్ ఒక్కడిదే. తమ్ముణ్ణి పోగొట్టుకుని, పరిశ్రమ చేత గెంటించుకున్న మనిషి 'విలన్' అని తనను తాను మూడో మనిషిగా చెప్పుకుంటుంటే, పిల్లల బొమ్మల పుస్తకం నుంచి తెచ్చిన పేరుకు కన్నీటి బరువు వచ్చింది.

మాట కట్టడంలోనూ అంతే. మన పద్యానికి ప్రాస పాదం మొదట్లో ఉంటుంది, ర్యాప్‌కు పాదం చివర. డూమ్ ఆ చివరి దగ్గర ఆగడు. మూడు నాలుగు అక్షరాల గుత్తిని పట్టుకుని పాదం మధ్యలోకీ, తర్వాతి పాదంలోకీ లాక్కుపోతాడు. వినేవాడు ప్రాస కోసం ఎదురుచూసే చోట మాట ఎగ్గొట్టి, ఎదురుచూడని చోట మూడు వేస్తాడు. 2004లో మ్యాడ్‌లిబ్‌తో చేసిన 'మ్యాడ్‌విలనీ'లో చాలా పాటలకు పల్లవే లేదు. వాటిలో కొన్ని దరువుల్ని మ్యాడ్‌లిబ్ బ్రెజిల్‌లోని హోటల్ గదిలో, చిన్న రికార్డు ప్లేయరు, వెంట తీసుకెళ్లగలిగే శాంప్లర్ పెట్టుకుని కట్టాడు. విడుదలకు ఏడాదికి పైగా ముందే టేపు బయటికి పొక్కింది. డూమ్ గొంతు తగ్గించి, నిద్రమత్తు లాంటి నిదానంతో మాటల్ని తిరగ రికార్డు చేశాడు. ఈరోజు ఎందరో కుర్రాళ్లు అనుకరించేది ఆ తగ్గించిన గొంతునే.

ఆ కుర్రాళ్లలో ఎర్ల్ స్వెట్‌షర్ట్ ఒకడు. 2010లో, పదహారేళ్ల వయసులో, అతని మొదటి టేపు వినగానే పెద్దవాళ్లు డూమ్ నీడను పోల్చేశారు. ఆ పోలిక నిజమే. 2018లో 'సమ్ ర్యాప్ సాంగ్స్' ఆల్బం వచ్చినప్పుడు ఇంకో మాట పుట్టింది. ఇది తనకంటే చిన్నవాడైన న్యూయార్క్ ర్యాపర్ మైక్ దగ్గర నుంచి తెచ్చుకున్న పద్ధతి అని. అదీ చాలావరకు నిజమే, ఎర్ల్ ఆ కుర్రాడి మీద అభిమానాన్ని దాచుకోలేదు. పెద్దవాడు చిన్నవాడి దగ్గర నేర్చుకోవడం చిన్నతనమని ఆ వాదనలో ఒక ఊహ ఉంది. నేను దాన్ని ఒప్పుకోను. పదిహేను పాటలు, పాతిక నిమిషాలు, అరిగిన టేపులా తిరిగే దరువులు. ఆ పద్ధతి ఎవరిదైనా, లోపలి ఇల్లు ఎర్ల్‌దే.

ఎర్ల్ అసలు పేరు థెబే ఖోసిట్సీలే. తండ్రి కెయొరాపెట్సే ఖోసిట్సీలే దక్షిణాఫ్రికా జాతీయ కవి. వర్ణవివక్ష ప్రభుత్వం నుంచి తప్పించుకుని అమెరికాలో ప్రవాసం ఉన్న రోజుల్లో ఆయన రాసిన ఒక కవిత నుంచి హార్లెమ్ యువకులు కొందరు తమ బృందానికి పేరు తీసుకున్నారు. 1968లో మొదలైన ఆ బృందమే 'ది లాస్ట్ పోయెట్స్', డప్పు దరువు మీద కవిత చెప్పిన వాళ్లు, ర్యాప్‌కు తాతల వరసలో అందరూ చెప్పుకునే వాళ్లు. అంటే డూమ్‌ను కొరికాడన్న ఈ కుర్రాడి ఇంట్లోంచే ర్యాప్‌కు ఊట అయిన నీళ్లు ఒకప్పుడు పారాయి.

తండ్రీ కొడుకుల మధ్య ఏళ్ల తరబడి దూరం ఉండేది. ఎర్ల్ 'సమ్ ర్యాప్ సాంగ్స్' కోసం ఒక పాట తయారు చేశాడు. తల్లి సభలో కృతజ్ఞతలు చెబుతున్న గొంతును, తండ్రి కవిత చదువుతున్న గొంతును కోసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు. తను ఒక్క మాట కూడా అనలేదు. తండ్రికి వినిపించాలనుకున్నాడు, కానీ ఆలోపే 2018 జనవరిలో ఆయన చనిపోయాడు. అదే నెలలో ఆయన మిత్రుడు, ట్రంపెట్ విద్వాంసుడు హ్యూ మసెకెలా కూడా పోయాడు. ఆ ఆల్బం చివరి పాట 'రయట్!'లో మసెకెలా పాత రికార్డు ముక్క ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఎర్ల్ ర్యాప్ చెప్పడు. నిమిషం సేపు ఆ పెద్దాయన వాయించింది వినిపించి ఊరుకుంటాడు.