ఢిల్లీలోని తెలుగు విద్యార్థి: మన కథలలో వినబడని సంభాషణ

ఢిల్లీ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణమునకు చేరువనున్న మెట్రో స్టేషనునకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టినారు. బాల్యముననే ఆంధ్రదేశమున ఆడపిల్లలకు హిందీ నేర్పుటకై పాఠశాల తెరచిన విదుషి ఆమె. 1948లో ఢిల్లీ యందు ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని నెలకొల్పి, వలసవచ్చిన కుటుంబముల పిల్లలకు తెలుగు చదువు అందించినదియు ఆమెయే. నేడు ఆ స్టేషనులో దిగి సత్యనికేతన్‌లోని అద్దెగదులకు నడచిపోవు తెలుగు విద్యార్థులకు రెండు భాషల నడుమ అంతటి నిశ్చింత లేదు. వారిలో పలువురు 1961లో తిరుమల తిరుపతి దేవస్థానము స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాలలో చదువుకొనువారు. 2022 నుండి ప్రవేశపరీక్షను తెలుగులోను వ్రాయవచ్చును. ప్రవేశించిన పిమ్మట పాఠము ఇంగ్లీషులో, వీధి హిందీలో. ఏ భాషలో నోరు తెరువవలెనన్న ప్రశ్న దినమునకు పదిమార్లు ఎదురగును.

రాజధాని జీవితమును గూర్చి తెలుగులో కథలు వచ్చినవి, వచ్చుచున్నవి. నేను చదివినవానిలో పెక్కింట ఒక లోపము కనబడినది. పంజాబీ ఇంటియజమానురాలు, బీహారు సహాధ్యాయి, కరీంనగరపు పిల్లవాడు, అమలాపురపు పిల్ల — ఎల్లరును ఒకే పత్రికాభాష మాటలాడుదురు. 'అని హిందీలో అన్నాడు' అను మూడు మాటలతో రచయిత తన బాధ్యత తీర్చుకొనును. పాత్ర ఆ క్షణమున ఆ భాషనే యేల యెన్నుకొనెనో పాఠకునికి తెలియదు. కథ యుండవలసిన చోటు అదియే.

ఒక ఉదాహరణము. తెలుగున 'వెళ్తున్నాను' అన్నప్పుడు పలికినది స్త్రీయో పురుషుడో క్రియ చెప్పదు. హిందీలో చెప్పితీరవలెను: 'జాతా హూఁ', 'జాతీ హూఁ'. తీరాంధ్రమునుండి వచ్చిన బాలిక తొలి నెలలలో తన్ను గూర్చి పుంలింగమున మాటలాడును, తరగతి నవ్వును, ఆమె ఇంగ్లీషులోనికి తప్పుకొనును. మన కథలలో ఇంగ్లీషు మాటలాడు పిల్ల ఆడంబరమునకు గుర్తు. ఈమెకు ఆ ఇంగ్లీషు లింగము అడుగని ఆశ్రయము. హైదరాబాదు పిల్లవానికి ఈ చిక్కు తక్కువ. అతని కష్టము వేరు. అతని 'నక్కో', 'హౌ' విని ఢిల్లీవారు నవ్వుదురు. ('నక్కో' మరాఠీ యరువే గాని, దక్కనీకి మొదలు ఢిల్లీ పరిసరముల పలుకే. పదునాలుగవ శతాబ్దిలో తుగ్లకుల కాలమున దక్షిణమునకు తరలిపోయిన ఆ పలుకు ఇన్నాళ్లకు ఇల్లు చేరి నవ్వులపాలగుచున్నది!)

ఇంతవరకు ఇతరుల నవ్వు. దీనికంటె లోతైనది మనవారి నవ్వు. ఇద్దరు తెలుగువారు కళాశాల భోజనశాలలో తొలిసారి కలిసినప్పుడు, ఒకరినొకరు తెలుగువారని గుర్తించిన పిమ్మటను, కొంతసేపు ఇంగ్లీషులోనే మాటలాడుకొనుట చూచితిని. శ్రీకాకుళమువాడు 'ఎలగున్నావు' అనవలెనా? పాలమూరువాడు 'ఎట్లున్నవ్' అనవలెనా? అనంతపురమువాడు 'ఎట్లుండావు' అనవలెనా? తన పలుకు వినగానే ఎదుటివానికి ఏ సినిమాలోని హాస్యనటుడు జ్ఞప్తికి వచ్చునో అన్న శంక మువ్వురకును కలదు. పైగా 'మీరు', 'నువ్వు' తేలవలెను. కృష్ణాతీరమున 'అండి' లేనిది మర్యాద లేదు. తెలంగాణమున 'అన్నా' అను పిలుపులో గౌరవమును చనువును కూడ ఇమిడియున్నవి. ఒకరి మర్యాద మరియొకరికి బిగువుగా తోచును. 2014 తరువాత యాసలో ఊరేగాక రాష్ట్రమును వినబడుచున్నది. ఇంగ్లీషు 'యూ' వీనినన్నింటిని ఒక్క గంతులో దాటించును.

హిందీ వచ్చి తెలుగును తరుముచున్నదని వాపోవుట సులభము. ఢిల్లీలో తెలుగువాని నోట తెలుగును మొదట ఆపుచున్నది మనము ఇంటియొద్ద నేర్పి పంపిన తారతమ్యమని నా తీర్పు. ఒక పలుకును ప్రమాణమని, తక్కినవానిని వేడుకయని నేర్పితిమి. పాత్రలన్నింటికి ఒకే భాష తొడిగిన కథకుడు ఆ తారతమ్యమునకే సహాయపడుచున్నాడు. (గ్రాంథికమున వ్రాయుచు ఈ మాట అనుట నాకును కొంత సిగ్గే.)

మనకు దారి చూపినవారు లేకపోలేదు. 'కన్యాశుల్కము'న తల్లి ముచ్చట తీర్చుటకై గిరీశమును వెంకటేశమును పొందికలేని ఇంగ్లీషు ముక్కలు వల్లించుకొందురు. ఆ భాష ఎవరి యెదుట, ఏ లాభమునకై ప్రదర్శింపబడుచున్నదో ప్రేక్షకునికి తెలియును, నవ్వు పుట్టునదచటనే. దాశరథి రంగాచార్యుల 'చిల్లర దేవుళ్లు'లో తెలంగాణపు పలుకు అలంకారము కాదు, ఆ మనుష్యుల బ్రదుకే. ఢిల్లీ అద్దెగదికి అట్టి చెవి యింకను కావలసియున్నది.

ఆ గదిలో వినదగినవి కొల్లలు. ముగ్గురు తెలుగువారు, ఒక బీహారు మిత్రుడు కూర్చుండియున్నారు. హిందీకి 'హమ్' ఒక్కటే. మనకు 'మేము' వేరు, 'మనము' వేరు. ఒకడు తెలుగున 'మనం సినిమాకు పోదాం' అన్నాడు. వ్యాకరణము ఆ మిత్రుని లోనికి పిలిచినది; భాష గుమ్మమువద్ద నిలిపినది. అతడు చిరునవ్వుతో చరవాణి చూచుకొనును.

రాత్రి తొమ్మిదింటికి ఇండ్లనుండి ఫోనులు వచ్చును. దాచుకొన్న యాసలన్నియు అప్పుడు బయటికి వచ్చును. ఒక్కొక్కడు లేచి మెట్లమీదికి పోయి తల్లితో మాటలాడును. బీహారు మిత్రుడు వినునేమోయని కాదు, అతనికి ఎట్లును తెలియదు. ప్రక్క మంచముమీది తెలుగువాడు వినకుండుటకు.