ఏ యంత్రం మీద కొట్టిన కవిత?

ప్రయోగ కవిత్వం అనగానే మనం ముందు రూపం చూస్తాం. అక్షరాలు మెట్లుగా దిగాయా, గుండ్రంగా తిరిగాయా, పేజీ సగం ఖాళీగా ఉందా అని. రకరకాల దేశాల కవితల్ని పక్కపక్కన పెట్టుకుని చదవడం నాకు చాలాకాలంగా అలవాటు. ఇప్పుడు నేను మొదట అడిగేది వేరే: ఇది ఏ యంత్రం మీద పుట్టింది, ఎవరి చేతుల మీదుగా పాఠకుడికి అందింది?

బ్రెజిల్ కవులనే తీసుకోండి. ఆగస్టో, హరోల్డో ది కాంపోస్ అన్నదమ్ములు, డెసియో పిన్యతారి కలిసి 1952లో సావో పాలోలో ఒక బృందం కట్టారు. 1956 డిసెంబరులో అక్కడి మ్యూజియంలో వాళ్ల కవితలు పోస్టర్లై, చిత్రాల పక్కన గోడకెక్కాయి. ఫ్యూచురా టైపు, స్కేలు పెట్టి గీసినట్టుండే అక్షరాలు. 1958లో తెచ్చిన ప్రకటనకు 'పైలట్ ప్లాన్' అని పేరు పెట్టారు. అప్పుడే లేస్తున్న కొత్త రాజధాని బ్రసీలియా నమూనా పేరూ అదే. దేశాన్ని కొత్తగా కట్టుకుంటున్నామన్న ధీమా ఆ అక్షరాల్లో ఉంది. 1964లో సైన్యం గద్దెనెక్కింది. ఆ ఏడాదే ఆగస్టో పత్రికల్లోంచి కత్తిరించిన ముక్కలు అతికించి కవితలు చేశాడు. ఆ పాత నునుపు వాటిలో లేదు.

ఆ దశాబ్దంలోనే ప్రాగ్‌లో వాత్స్‌లావ్ హావెల్ టైప్‌రైటర్ మీద దృశ్యకవితలు కొట్టాడు. గుమాస్తాలు సర్క్యులర్లు కొట్టే యంత్రం అది. ఏ అక్షరానికైనా ఒకే వెడల్పు, కాబట్టి కవాతులో నిలబడ్డట్టు వరుసలు కుదురుతాయి. ప్రభుత్వ భాషను ఎత్తిచూపడానికి అంతకన్నా తగిన పనిముట్టు ఏముంటుంది? 1966లో అవి పుస్తకంలో అచ్చయ్యాయి. 1968లో సోవియట్ ట్యాంకులు వచ్చాక అతని రచనల మీద నిషేధం పడింది. ఇక టైప్‌రైటరే ప్రెస్సు: పల్చటి కాగితాల మధ్య కార్బన్లు పెట్టి గట్టిగా కొట్టాలి, అడుగు కాపీలో అక్షరం కనీకనపడకుండా ఉంటుంది. మాస్కోలో ద్మీత్రీ ప్రీగోవ్ అధికారిక వాక్యాల్ని ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటూ పోయి, అక్షరాలు నల్లటి మరకలయ్యేదాకా ఆగలేదు. 1986లో అతన్ని బలవంతంగా మానసిక వైద్యశాలలో పెట్టారు. రుమేనియాలోనైతే 1983 నుంచి ఇంట్లో టైప్‌రైటరుంటే పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాల్సి వచ్చేది.

మన దిగంబర కవులకు 1965లో అచ్చు దొరకని పరిస్థితి లేదు. అందుకే వాళ్ల ప్రయోగం పుస్తకాన్ని జనంలోకి తెచ్చిన తీరులోనూ కనపడుతుంది: హైదరాబాద్‌లో అర్ధరాత్రి, ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరణ. ఆరుగురున్న ఆ బృందంలో ముగ్గుర్ని 1971లో పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కింద జైల్లో పెట్టారు. సెన్సారు లేని చోట కవికి భయం లేదనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రాగ్ తరహా కవిత తెలుగులో చేయబోతే ముందు ఒత్తులే అడ్డం పడతాయి. 'శాస్త్రం' అని కొడితే స కింద త, ర వేలాడి కింది వరుస మీదికి దిగుతాయి. 'ల'కు సరిపోయిన చోటు 'ఘ'కు చాలదు. నిలువు వరుస వంకర పోతుంది. నాగబంధం, పద్మబంధం రాసిన మన పూర్వులు అక్షరానికో గడి ఇచ్చి ఈ చిక్కు తప్పించుకున్నారు. అంటే ప్రీగోవ్ పేజీ మనకు అనువాదంతో రాదు. ఏ పత్రికైనా దాన్ని వేసుకోదలిస్తే ఫాంటులో శుభ్రంగా కంపోజ్ చేయొద్దని నా మనవి. మసి పట్టిన ఆ కాగితం ఫొటోనే వేసి, కింద సంవత్సరం, ఊరు, యంత్రం పేరు రాయండి.