పండు పోయాక పువ్వు నిలవాలి

బళ్లారి బ్రూస్‌పేట అంగళ్ళలో సెంటు కొనేటప్పుడు కాగితం ముక్క మీద చల్లించుకుని, ఒకసారి వాసన చూసి, నచ్చితే డబ్బులు కట్టేయడం మామూలే. పండ్లూ పూలూ కలిసిన సెంట్ల విషయంలో ఈ పద్ధతి మోసం చేస్తుంది. నిమ్మ, యాపిల్, పియర్ లాంటి వాసనలనిచ్చే అణువులు తేలికైనవి. ముందుగా గుప్పుమనేవీ, ముందుగా ఎగిరిపోయేవీ అవే. వేసవిలో 40 డిగ్రీలు దాటే బళ్లారి ఎండకు వాటి ఆయుష్షు మరీ తక్కువ. తర్వాత మిగిలేది మల్లె, గులాబీ, వాటి అడుగునుండే కస్తూరి, వెనిలాల తీపి. రోజంతా మనతో ఉండేది ఆ మిగిలిన వాసనే కనుక పరీక్ష కూడా దానికే పెట్టాలి. కాగితం మీద నచ్చనివి పక్కన పెట్టవచ్చు, అంతవరకే దాని ఉపయోగం. నచ్చినదాన్ని మణికట్టు మీద వేయించుకుని, బజారు పనులన్నీ ముగించుకుని, రెండు మూడు గంటల తర్వాత తేల్చుకోవాలి.

పండు వాసనంతా రసాయనమే, దానికన్నా అత్తరు మేలు అనేవాళ్ళున్నారు. అందులో కొంత నిజముంది. నారింజ, నిమ్మ తొక్కల నుంచి నూనె తీయవచ్చు గానీ పీచ్, స్ట్రాబెర్రీల నుంచి సెంటుకు పనికొచ్చే నూనె రాదు. 1919లో ఫ్రెంచ్ సెంట్ల తయారీదారు జాక్ గెర్లాన్ తన ‘మిత్సుకో’ సెంటులో పీచ్ వాసనకు ప్రయోగశాలలో చేసిన లాక్టోన్ అనే రసాయనాన్నే వాడాడు. అది బరువైన అణువు, గంటల తరబడి నిలుస్తుంది. పండు వాసన కూడా ఉండాలనుకునేవాళ్ళు పీచ్ ఉన్నదాన్ని చూడటం మంచిది. పైగా పూలలో పండు వాసన మనిషి కల్పించినది కాదు. మనోరంజితం పసుపు తిరిగితే మాగిన పండులా ఘుమఘుమలాడుతుంది. మల్లెలో ఉండే బెంజైల్ అసిటేట్‌ది కూడా పండును పోలిన వాసనే.

హడగలి మల్లెలు దొరికే చోట సీసా ఎందుకన్నది ఇంకో ప్రశ్న. 1443లో విజయనగరం చూసిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ ఇక్కడివాళ్ళకు గులాబీలు తిండితో సమానమని రాశాడు. పూలకు సాటి లేదు, నిజమే. కానీ ఆఫీసుకు పూలు పెట్టుకోనివాళ్ళకూ, మగవాళ్ళకూ సెంటే దారి. పొడి చర్మం మీద అది త్వరగా ఎగిరిపోతుంది కాబట్టి స్నానమయ్యాక వాసన లేని క్రీము రాసి, దాని మీద ఒకటి రెండుసార్లు చల్లితే చాలు. ఎండలో, కిక్కిరిసిన బస్సులో ఎక్కువైన తీపి పక్కవాళ్ళకు తలనొప్పి. మల్లెలు పెట్టుకున్న రోజున మాత్రం సీసాను బీరువాలోనే ఉండనివ్వండి.