డెబియన్ ఆటల ప్యాకేజీలు: పరిష్కర్త పాత్ర - ఒక పరిశీలన

కీలకపదాలు: డెబియన్, ప్యాకేజీ, పాఠపరిష్కరణ, కర్తృత్వం, లైసెన్సు, సమస్యాపూరణం

ప్రవేశిక

డెబియన్ 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన ఆపరేటింగ్ సిస్టం. నేటికీ దానిని స్వచ్ఛంద కార్యకర్తలే నిర్వహిస్తున్నారు. ఎవరో రాసిన ప్రోగ్రామును ఈ సిస్టంలో సులువుగా ఇన్‌స్టాల్ చేసుకోగల ప్యాకేజీగా మలచి, ఆపై సంవత్సరాల తరబడి దాని బాగోగులు చూసే వ్యక్తిని మెయింటెయినర్ అంటారు. ఆ వ్యక్తి మూలకర్త కాదు, కేవలం వాడుకరి కూడా కాదు. తెలుగు సాహిత్య పరిశోధకులకు పరిచితమైన గ్రంథపరిష్కర్త స్థానానికి ఇది చాలా దగ్గర. ఆటల విషయంలో ఈ స్థానం మరింత జటిలమవుతుంది. ఆటలో ప్రోగ్రాముతో పాటు బొమ్మలు, సంగీతం, కథ, ఫాంట్లు ఉంటాయి. వీటిలో ఒక్కొక్కదానికి వేరు కర్త, వేరు లైసెన్సు ఉండవచ్చు. ఈ ప్యాకేజీల వెంట వచ్చే పత్రాలను పాఠాలుగా చదివితే, కర్తృత్వ నమోదులో అవి చూపే నిష్ఠ విలువనిర్ణయంలో కనిపించదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కర్తృత్వ నమోదు

డెబియన్ ప్యాకేజీలో కాపీరైట్ ఫైలు తప్పనిసరి. ఆటకు సంబంధించినదైతే అందులో ఏ శబ్దం ఎవరిది, ఏ చిత్రం ఎవరిదన్న వివరం కూడా చేరుతుంది. చేంజ్‌లాగ్‌లో ప్రతి కొత్త కూర్పుకూ మార్పుల వివరం, చేసినవారి పేరు, తేదీ ఉంటాయి. మూలకర్త ఇచ్చిన పాఠాన్ని అలాగే ఉంచి, సవరణలను ప్యాచ్‌లనే విడి ఫైళ్లలో భద్రపరచడం వాడుక. అందువల్ల మూలమేదో, దిద్దుబాటేదో చదివేవారు వేరుచేసి చూడగలరు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ప్రచురించడం వెనుక ప్రతులను పోల్చి చూసిన పండితుల శ్రమ ఉంది. ఏ సవరణ ఏ పండితుడిదో ముద్రిత పాఠాన్ని చూసి తేల్చడం కష్టం. ఆ కోణంలో చేంజ్‌లాగ్ పాఠపరిష్కరణకు ఆదర్శప్రాయమైన ప్రక్రియ.

సవరణ ఎందుకు అవసరమవుతుందో కూడా గమనించదగినది. ఒకే గ్లోబల్ చరరాశిని పలు ఫైళ్లలో ప్రకటించి వదిలేసే పాత సి భాషా అలవాటును 2020లో వెలువడిన జీసీసీ 10 కంపైలర్ డిఫాల్టుగా అంగీకరించలేదు. అంతవరకు సాఫీగా తయారైన పాత ప్రోగ్రాములెన్నో ఆ దశలో ఆగిపోయాయి. ఆట పాఠంలో ఒక్క అక్షరం మారలేదు, మారినది దానిని చదివే యంత్రం. శకటరేఫను, అరసున్నను మరచిన తరానికి ప్రాచీన కావ్యాన్ని అందించే పరిష్కర్తకు ఎదురయ్యే పరిస్థితి ఇదే.

డూమ్ - ఫ్రీడూమ్

ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ 1993లో విడుదల చేసిన డూమ్ ఆట సోర్స్‌కోడ్ 1997లో బయటికి వచ్చింది. 1999లో దానికి జీపీఎల్ లైసెన్సు లభించింది. బొమ్మలు, శబ్దాలు, ఆటస్థలాలు మాత్రం సంస్థ హక్కుగానే మిగిలాయి. అంటే స్వేచ్ఛ పొందినది దేహంలో సగమే. డెబియన్ 1997లో ఆమోదించిన సామాజిక ఒడంబడిక ప్రకారం, స్వేచ్ఛా లైసెన్సు లేని అంశంపై ఆధారపడితేనే పనిచేసే ప్రోగ్రాముకు మెయిన్ విభాగంలో చోటు లేదు, దానిని కాంట్రిబ్‌లో ఉంచాలి.

ఫ్రీడూమ్ పథకం ఈ ఖాళీని పూరించింది. డూమ్ ఇంజను ఏ పేరుతో బొమ్మను అడుగుతుందో ఆ పేరుతోనే కొత్త బొమ్మ గీయాలి, మూలం నుంచి ఏదీ తీసుకోరాదు. డూమ్ కోసం ఇతరులు తయారుచేసిన ఆటస్థలాలు దీనితోనూ నడవాలి. అవధానంలో పృచ్ఛకుడిచ్చిన పాదాన్ని కదపకుండా మిగిలిన పద్యాన్ని సొంతంగా కట్టే సమస్యాపూరణానికి ఇది సన్నిహితం. దీనిని అనుకరణగా తీసిపారేయడం తగదు. నిర్బంధంలో పుట్టిన స్వతంత్ర రచనగా గుర్తించాలి. అయితే డూమ్ కలిగించే భయానుభూతి ఫ్రీడూమ్‌లో యథాతథంగా దొరుకుతుందనడం అతిశయోక్తి అవుతుంది. అసలు ఆటను కొనుక్కున్నవారి కోసం, వారి ప్రతి నుంచే ప్యాకేజీని తయారుచేసే గేమ్-డేటా-ప్యాకేజర్ అనే సాధనం డెబియన్‌లోనే ఉంది.

తొలగింపు పత్రాలు

మెయింటెయినర్ తప్పుకుంటే ప్యాకేజీని ఆర్ఫన్‌గా ప్రకటిస్తారు, మరొకరు అడాప్ట్ చేసుకోవచ్చు. అనాథ, దత్తత అన్న ఈ కుటుంబ పరిభాష తొలగింపు దగ్గరికి వచ్చేసరికి మాయమవుతుంది. తొలగింపు అభ్యర్థనలలో తరచు కనిపించేవి మూడే మాటలు: మూలకర్త నిష్క్రియుడు, వాడుకరులు తక్కువ, తీవ్రదోషం ఉంది. పైథాన్ 2కు 2020 జనవరితో మద్దతు ముగిసిన తరువాత, పైథాన్ 3లోకి మారని ఆటలు ఈ భాషలోనే వెళ్లిపోయాయి. వాడుకరుల లెక్కకు ఆధారమైన పాపులారిటీ-కాంటెస్ట్ ఇష్టపడి చేరినవారిని మాత్రమే లెక్కిస్తుంది. ఒక ఆట కళగా ఎటువంటిది, దాని తరువాత వచ్చిన ఆటలకు ఏమిచ్చింది అన్న ప్రశ్నకు ఆ పత్రంలో గడి లేదు.

స్వచ్ఛంద కార్యకర్తల సమయం పరిమితమని, ఎవరూ చూడని కోడు ఇతరులకు భారమని చెప్పే సమాధానం న్యాయమైనదే. తొలగించవద్దని ఇక్కడ వాదం కాదు. బొమ్మ గీసినవారి పేరును ఇంత శ్రద్ధగా నమోదు చేసిన సంప్రదాయం, ఆ బొమ్మ ఉన్న ఆట వెళ్లిపోతున్నప్పుడు దాని గుణాన్ని గురించి ఒక్క వాక్యమైనా రాయకపోవడం విమర్శార్హం. 2005 నుంచి వచ్చిన కూర్పులు డెబియన్ స్నాప్‌షాట్ భాండారంలో దొరుకుతాయి. వాటిలో ఒకదానిని తిరిగి ప్రవేశపెట్టాలనుకునేవారు కొత్త ప్యాకేజీలాగే దానిని పరిశీలనకు పంపాలి. కాపీరైట్ ఫైలును మళ్లీ మొదటి పంక్తి నుంచి చదువుతారు.