చెయ్యి తిరిగితే చాలునా?

వయొలిన్ నేర్చుకుంటున్న పిల్ల వున్న యింటికి వెడితే మనం ముందుగా అడిగేది ఒకటే: ‘‘రోజుకి ఎన్ని గంటలు సాధకం చేస్తోందండీ?’’ తల్లి గర్వంగా ‘‘మూడు గంటలు’’ అంటుంది. ఆ మూడు గంటలూ పిల్ల చెవి ఎక్కడుందో ఎవరూ అడగరు. సాధకాన్ని బియ్యంలా కొలిచే యీ అలవాటు మీదే నా ఫిర్యాదు.

విజయనగరం పేరు చెప్పుకునేవాళ్ళకి యిది మరీ తగదు. 1919లో అక్కడ మహారాజావారు సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. రెండు చేతులా, రెండు కాళ్ళా వేర్వేరు తాళాలు వేస్తూ పాడిన మహానుభావుడు! దాన్ని మనం గారడీలా చెప్పుకుని మురిసిపోతాం. నాకందులో కనిపించేది వేరు. ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క లెక్క అప్పజెప్పి, అన్నిటినీ ఒక్క మనసు కనిపెట్టి వుండటం. మనసు చెదిరిందా, ఏదో ఒక కాలు తప్పక మానదు.

ఆ కళాశాలలోనే వయొలిన్ చెప్పి, 1936లో ప్రిన్సిపాలయిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి రికార్డు వినండి. పక్కవాద్యంగా వుండిపోయిన వయొలిన్‌తో సోలో కచేరీలు చేసి, 1941లో సంగీత కళానిధి అయినవారాయన. వేళ్ళ వేగం సంగతి వదిలేసి కమాను వినండి. నా చెవికి అది గీసినట్టుండదు, ఊపిరి తీసినట్టుంటుంది. ఆయన మాత్రం గంటల తరబడి సాధకం చెయ్యలేదా అంటారా? చేసే వుంటారు. కానీ రికార్డులో మనకి వినిపించేది గంటలు కాదు గదా!

మన పద్ధతిలో వయొలిన్ తల కుడి చీలమండ మీద ఆనుతుంది, అడుగు ఎడమ భుజం దగ్గర ఆనుతుంది. బరువు వొంటి మీద నిలిస్తేనే ఎడమచెయ్యి గమకానికి హాయిగా జారుతుంది. భుజం బిగించిన పిల్లకి ఆ బిగువే వేళ్ళలోకి దిగుతుంది. నిదానంగా ఊగవలసిన తోడి గాంధారం గజగజ వణుకుతుంది. ముగ్గు పెట్టే మనకి యిది తెలియనిదా? వేళ్ళు బిగిస్తే పిండి ముద్దలుగా రాలుతుంది. ధ్యాస తప్పితే గీత వంకర పోతుంది.

పదేపదే వాయించందే వేళ్ళు తిరగవు, నిజమే. అయితే జంటవరస ఒకటి ముందు గొంతుతో పాడుకుని, మొదటి కాలంలో, పాడినట్టే వచ్చిందా అని వింటూ వాయించమనండి. భుజం బిగిసిందనిపిస్తే ఆగి, వదులు చేసుకుని మళ్ళీ మొదలెట్టమనండి. మూడోకాలం ఎక్కడికీ పారిపోదు.

డిప్లొమా చేతికొచ్చి, పెళ్ళయ్యాక అటకెక్కిన వయొలిన్లు మన యిళ్ళల్లో ఎన్ని లేవు! తీరిక లేదంటాం. గంటలు లెక్కపెట్టి నేర్చిన విద్య ఆ గంటలు దొరకని రోజున పోక ఏం చేస్తుంది? వింటూ నేర్చినదైతే, అన్నం ఉడికేలోగా దొరికే పది నిమిషాల్లో కూడా బతుకుతుంది.