పెయింటర్ వర్గీకరణ - సుడిదోమ పరీక్ష

రెజినాల్డ్ పెయింటర్ వ్రాసిన 'పంట మొక్కలలో కీటక నిరోధము' అను గ్రంథము 1951లో న్యూయార్కు నుండి వెలువడినది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున పనిచేసిన ఈ కీటక శాస్త్రజ్ఞుడు మొక్కల సహజ నిరోధశక్తిని మూడు విధములుగా విభజించెను. పురుగు మొక్కను ఇష్టపడకపోవుట మొదటిది. తిన్న పురుగు చిక్కిపోవుటయో, చచ్చుటయో, దాని సంతానము తగ్గుటయో రెండవది. పురుగు తిన్నను మొక్క ఓర్చుకొని పండుట మూడవది. డెబ్బది ఏండ్లు దాటినను వ్యవసాయ కళాశాలల పాఠములలో ఈ మూడే వినబడుచున్నవి. వినదగినవే, కాని రసము పీల్చు పురుగుల విషయమున వీటి నడుమ గీతలు అంత స్పష్టముగా నిలువవు.

వరిని పట్టు సుడిదోమనే చూడుడు. ఈ గోధుమరంగు పురుగులు దుబ్బు మొదట, నీటికి కొంచెము పైగా, గుంపులుగా చేరును. సూదివంటి నోటితో కాండమును గ్రుచ్చి, ఆకులలో తయారైన చక్కెరను మోయు పోషక నాళమును వెదకి పట్టుకొనును. పైరు సుడులు సుడులుగా ఎండిపోవుటచేత దానికి ఆ పేరు. నిరోధశక్తి గల వరిపైనను ఈ పురుగు వ్రాలును, గ్రుచ్చును. నిజమునకు ఎక్కువ మారులు గ్రుచ్చును. కాని రసము అందదు. చైనా శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిన దాని ప్రకారము, గ్రుచ్చిన నాళములోని జల్లెడ రంధ్రములను మొక్క కాలోస్ అను పదార్థముతో మూసివేయును. లొంగిపోవు వంగడములలోను ఆ బిరడా పడును గాని త్వరలోనే కరగిపోవును. ఆకలిగొన్న పురుగు మొక్కను విడిచిపోయినచో పెయింటర్ లెక్కలో అది మొదటి విధము. అక్కడనే మాడి చచ్చినచో రెండవది. కారణమా, ఒక్కటే!

పైగా 'ఇష్టపడకపోవుట' పురుగు గుణమే గాని మొక్క గుణము కాదు. 1978లో కోగన్, ఆర్ట్‌మన్ అనువారు ఈ లోపమును పట్టి, అతిథి అను అర్థము గల గ్రీకు మాటను చేర్చి 'యాంటీజెనోసిస్' అను పేరు సూచించిరి. పేరు చక్కబడినది. చిక్కు అట్లే యున్నది.

హైదరాబాదు శివారున రాజేంద్రనగరులో 1965లో అఖిల భారత సమన్విత వరి అభివృద్ధి పథకము ఆరంభమైనది. అదియే నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ. వరి పరిశోధకులు సాధారణముగా వాడు పరీక్ష ఇట్టిది: తట్టలో వరుసలుగా నారు పెంచి సుడిదోమ పిల్లలను వదలుదురు. లొంగునని తెలిసిన టి.ఎన్.1 వరుస మాడిపోవు నాటికి తక్కిన వరుసల స్థితి చూచి 0 నుండి 9 వరకు అంకెలు వేయుదురు. కేరళలోని పట్టాంబికి చెందిన పి.టి.బి.33 లొంగని దానికి నమూనాగా ప్రక్కన నిలుచును. వేల రకములను వడపోయుటకు ఇది మంచి ఉపాయమే. కాని బ్రతికిన నారు ఏ విధమున బ్రతికినదో తట్ట చెప్పదు. ప్రక్కన రుచియైన టి.ఎన్.1 ఉండుటచేతనే పురుగు దానిని విడిచెనేమో!

ఈ సందేహము తీరు మార్గమును చూచుటకు పొలమే అక్కరలేదు. పాతబస్తీలో మొఘల్‌పురా మేడమీద రెండు బెండ రకముల కుండీలు చాలును. ప్రక్కప్రక్కన నుంచి, ఆకుల అడుగున అడ్డముగా నడచు పచ్చదోమ పిల్లలను లెక్కింపవలెను. పిదప ఒక్కొక్క కుండీకి విడిగా దోమతెర కట్టి, సమానముగా పురుగులను వదలి మరల లెక్కింపవలెను. జతగా నున్నపుడు మాత్రమే ఒక రకముపై పురుగులు తగ్గినచో అది అయిష్టము. ఒంటరిగా నున్నను తగ్గినచో మొక్కయే వాటిని దెబ్బతీయుచున్నది.

పాఠములలో మరుగుపడిన సంగతి వేరొకటి కలదు. నిరోధము మొక్క ఒక్కదానిది కాదు. ఎదుటి పురుగు తెగను బట్టి యుండును. పెయింటర్ దీనిని ఎరుగును. గోధుమను పాడుచేయు హెస్సియన్ ఈగలోని తెగలను గూర్చి 1930లోనే వ్రాసెను. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో విడుదల చేసిన ఐ.ఆర్.26 సుడిదోమకు లొంగనిదని పేరు పొందినది. రెండు మూడేండ్లలోనే దానిని తినగల తెగ ఆ ప్రాంతమున తలయెత్తినది. మన దక్షిణ భారతపు సుడిదోమకైతే అందలి జన్యువు అడ్డమే కాలేదు.

ఇక మూడవ విధమైన ఓర్పు. అది పురుగును ముట్టుకొనదు గనుక కొత్త తెగ పుట్టుటకు ప్రేరణ తక్కువ. ఇది గొప్ప మేలు. అయితే ఓర్చుకొన్న పైరులో పెరిగిన పురుగులు రెక్కలు వచ్చి ప్రక్క చేనికి పోవును. అక్కడ బాపట్ల నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి ఉన్నచో, సన్న బియ్యమునకు పేరొందిన ఆ వంగడము సుడిదోమకు లొంగునదే. మొదటి రైతుకు నిరోధక వంగడమైనది రెండవ రైతుకు పురుగులను పంపు చోటగును. పెయింటర్ కొలత ఒక్క మొక్కకు సంబంధించినది. చేను ప్రక్క చేనును అది కొలువదు.